తోక నిప్పు ఆరిన తరువాత

2023 జూన్‌లో 'ఆదిపురుష్' విడుదలైన రోజుల్లో, లంకాదహనం ఘట్టంలో హనుమంతుడి నోట పలికించిన ఒక మాట మీద దేశమంతా అట్టుడికింది. ఆంజనేయుడి చేత బజారు మాట అనిపిస్తారా అని కోర్టులకెక్కారు. ప్రతి థియేటర్‌లోనూ హనుమంతుడికి ఒక సీటు కేటాయిస్తామని ప్రకటించిన నిర్మాతలే చివరికి ఆ మాట మార్చారు. గొడవ సద్దుమణిగింది. ఇంత రభసలోనూ ఆ ఘట్టానికి వాల్మీకి రాసిన తరువాయి ఏమైందని అడిగిన గొంతు మాత్రం వినిపించలేదు. లంకను తగలబెట్టి, తోక నిప్పును సముద్రంలో ఆర్పుకున్నాక హనుమంతుడి గుండె ఝల్లుమంటుంది. ఈ మంటల్లో సీత కూడా కాలిపోయి ఉంటే? కోపానికి లోబడి, వచ్చిన పనినే బూడిద చేసుకున్నానని తనను తాను నిందించుకుంటాడు, ప్రాణం తీసుకుందామన్నంత దూరం ఆలోచిస్తాడు. సుందరకాండ పారాయణం జరిగే ప్రతి ఇంట్లోనూ వినబడే సర్గ అది. పిల్లల బొమ్మల రామాయణాల్లో మాత్రం తోక అంటుకుంటుంది, లంక కాలుతుంది, మరుపుటలో వానరులు గంతులేస్తుంటారు. మధ్యలోని భయం ఎక్కడా ఉండదు.

ఈ లోపం పాతదే అయినా ఇప్పుడు దానికి ఒక నినాదం తోడైంది: మన దేవుళ్లే అసలైన సూపర్‌హీరోలట. 2024 సంక్రాంతికి 'హనుమాన్', ఆ జూన్‌లో 'కల్కి 2898 ఏడీ', 2025లో 'మహావతార్ నరసింహ' వచ్చాయి. ఒక్కో సినిమా వెనక ఒక్కో 'యూనివర్స్' ప్రకటన వెలువడింది. వీటిలో కష్టముంది, నైపుణ్యముంది, పిల్లల కళ్లు మెరిపించే బొమ్మలున్నాయి. అభ్యంతరం ఆ నినాదంతోనే. అది దేవుణ్ణి పొగుడుతున్నాననుకుంటూ బలానికి కుదిస్తోంది. 'హనుమాన్' కథలో శక్తి ఒక మణిలో ఉంటుంది, అది ఎవరి చేతికి దక్కితే బలం వారిది. కిష్కింధకాండ చివర జరిగేది వేరు. నూరు యోజనాల సముద్రం ముందు వానరులు తలొకరూ తాము ఎంత దూరం దూకగలరో చెప్పుకుంటుంటే, దూకగలిగినవాడు మాత్రం ఒక పక్కన మాట్లాడకుండా కూర్చుని ఉంటాడు. ముసలి జాంబవంతుడు వచ్చి, నాయనా, నువ్వెవరివో గుర్తు తెచ్చుకో అని చెప్పాలి. తన బలం తనకు తెలియకపోవడం, దాన్ని మరొకరు ప్రేమతో గుర్తు చేయాల్సి రావడం ఆ కథకు ప్రాణం. ఆ బలాన్ని జేబులో పెట్టుకునే వస్తువుగా మార్చాక జాంబవంతుడికి పనేముంటుంది?

దేవుణ్ణి సూపర్‌హీరోతో పోల్చేవారు ఆ సూపర్‌హీరో కథలనైనా సరిగా చదివారా అన్నది మా అనుమానం. 1938లో సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ క్లీవ్‌లాండ్‌లో పెరిగిన యూదు కుర్రాళ్లు. నాశనమవుతున్న లోకం నుంచి పసిబిడ్డను ఒంటరిగా పంపించేసే ఆ కథలో, బుట్టలో నీటిపాలైన మోషే కథ ఛాయ చాలామందికి కనిపించింది. అయినా తమ మతం పేరు పాత్రల చేత చెప్పించడానికి ఆ కామిక్స్ లోకానికి దశాబ్దాలు పట్టింది. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన 'థింగ్' అనే రాతి మనిషి బెన్ గ్రిమ్ యూదుడని కథలో బాహాటంగా చెప్పింది 2002లో. అక్కడ కూడా అతను ఏ కొండనో ఎత్తలేదు. పాత పేటలో నేల మీద పడి ఉన్న ఒక వృద్ధుడి పక్కన మోకరిల్లి, చిన్నప్పటి ప్రార్థనను తడుముకుంటూ చెప్పాడు. రాయైపోయిన తన రూపం చూసి లోకం యూదులను రాక్షసులనుకుంటుందేమోనని ఇన్నేళ్లూ ఆ సంగతి దాచానని ఒప్పుకున్నాడు. 2014లో జి. విల్లో విల్సన్ రాసిన 'మిస్ మార్వెల్'లో కమలా ఖాన్ తొలిసారి ప్రాణం కాపాడేది తనను వెక్కిరించిన అమ్మాయిని. ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చేది ఒక్క ప్రాణాన్ని కాపాడటం గురించి ఖురాన్ చెప్పిన మాట. ఈ రెండు చోట్లా విశ్వాసం కండబలం దగ్గర లేదు. సిగ్గులో, జంకులో, ఎదుటివాడి ప్రాణం మీది జాలిలో ఉంది. అక్కడి మంచి రచయితలు సూపర్‌హీరోను భక్తుడిగా చేయడానికి ఇంత పాటుపడుతుంటే, మనం భక్తశిఖామణి అయిన హనుమంతుణ్ణి సూపర్‌హీరోగా మార్చి గొప్ప చేశామనుకుంటున్నాం.

పురాణ కథలోని మనసును పిల్లలకు చూపించే పని మనకు చేతకానిది కూడా కాదు. 'ఇంద్రజాల్ కామిక్స్' ద్వారా ఫాంటమ్‌ను మన పిల్లలకు అందించడంలో పాలుపంచుకున్న అనంత్ పాయ్, 1967లో 'అమర్ చిత్ర కథ' మొదలుపెట్టాడు. రెండు తరాలకు పురాణ పరిచయం చేసిన పని అది, కాదనలేం. కానీ కథనంతా ముప్పైరెండు పుటల్లో ఇమడ్చాలన్నప్పుడు కత్తెర ముందుగా తెగ్గోసేది మనసులో జరిగేదాన్నే. యుద్ధానికి బొమ్మ సులువు, సంశయానికి కష్టం. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1947 జూలైలో పుట్టిన 'చందమామ'కు మరో దారి తెలుసు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా అక్కడ పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. పిల్లలకు రామాయణ భారతాలు వచనంలో చెప్పింది ఆయనే. ఏ పాత్రనూ ఎగదొయ్యలేదు, దిగదొయ్యలేదు. కథ అడిగిన నిదానంతో, నెలనెలా, చెప్పవలసినంత చెప్పాడు. అదే పత్రికలో బేతాళుడు కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగలాలి. పసివాళ్లు ప్రశ్నను తట్టుకోలేరని ఆ సంపాదకులు అనుకోలేదు.

పసివాళ్లకు ముందు భక్తి నేర్పాలి, సందేహాలు పెద్దయ్యాక వాటంతటవే వస్తాయన్నది ఎదుటివారి వాదన. దీనికి జవాబు పోతనే ఇచ్చి వెళ్లాడు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు మొర పెట్టుకుంటూ పెట్టుకుంటూ, ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అని మధ్యలో అనుమానిస్తాడు. ఆ అనుమానపు పద్యాన్నే తెలుగు దేశం తరతరాలుగా బడిపిల్లల చేత కంఠస్థం చేయించింది. ఎవరి భక్తీ చెడలేదు. వచ్చిన దేవుడైనా ఎలా వచ్చాడు? లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, గరుత్మంతుణ్ణి పిలవలేదు, చెదిరిన జుట్టు సవరించుకోలేదు. ఆయుధాలన్నీ ఆయన వెనకాల ఉరుకులు పెట్టాయి. ముసుగూ కేపూ తగిలించుకోనిదే గడప దాటని వీరుడికీ, ఒంటిమీద ధ్యాస లేకుండా పరుగెత్తిన ఈయనకూ పోలిక ఎక్కడ కుదురుతుంది? ఆ తొందరను దయ అంటారు. దాన్ని ఏ గ్రాఫిక్స్‌తో చూపిస్తారో చూపించమనండి, మేమే ముందు వరసలో కూర్చుంటాం.

పిల్లల కోసం కొత్తగా బొమ్మల రామాయణం వేయబోయే ప్రచురణకర్తలను, గీయబోయే చిత్రకారులను ఒక్కటే అడుగుతున్నాం. లంకాదహనానికి ఎన్ని పుటలైనా ఇవ్వండి. దాని వెనకే ఇంకో పుట ఉంచండి. అందులో మంటలుండవు. సీత క్షేమమని చారణులు చెప్పుకునే మాట చెవినబడినా, కళ్లారా చూడనిదే కాలు కదలక, తిరుగు ప్రయాణం ఆపుకుని, నిప్పు ఆరిన తోకతో శింశుపా వృక్షం వైపు మళ్లీ నడుస్తున్న హనుమంతుడు ఉంటాడు.