పదేళ్లు కైరోలో ఉండి కూడా...

మొన్న శనివారం జాన్ ఫ్రెడరిక్ లూయిస్ (1804-1876) నీటిరంగుల బొమ్మలు జూమ్ చేసి చూస్తూ టైమే మర్చిపోయాను. చెక్క జాలీ కిటికీలోంచి పడే ఎండ, పట్టుబట్ట మీద దాని నీడలు... నీటిరంగుల్లో తెల్లరంగు కలిపి, సన్నటి కుంచెతో చుక్కచుక్కగా పెట్టాడు మహానుభావుడు!

ఓరియంటలిజం అనగానే ఎడ్వర్డ్ సయీద్ 1978లో రాసిన పుస్తకం పేరు చెప్పి, "వీళ్లంతా అక్కడికి పోకుండానే ఊహించి గీశారు" అని తేల్చేస్తుంటారు చాలామంది. (సయీద్ అన్నది అంత తేలిక మాట కాదు, అది వేరే సంగతి.) లూయిస్ విషయంలో ఆ మాట అస్సలు అతకదు. 1841 నుంచి 1851 దాకా ఆయన కాపురం కైరోలోనే. 1844లో రచయిత థాకరే చూడ్డానికి వెళ్లేసరికి అక్కడి బట్టలే కట్టుకుని, అక్కడి ఇంట్లో దర్జాగా ఉన్నాడు.

మరి తప్పెక్కడ? 1850లో లండన్‌లో ప్రదర్శించిన ఆయన 'హరీమ్' బొమ్మ చూడండి. ఒక బే గారు భార్యల మధ్య కూర్చుని ఉంటాడు. కొత్తగా తెచ్చిన అబిస్సీనియా బానిస పిల్లని ముసుగు తీసి ఆయనకి చూపిస్తుంటారు. పరాయి మగవాడిని అంతఃపురంలోకి రానివ్వరు కదా, ఇదెలా చూశాడు? చూడలేదు. ఇల్లు నిజం, కిటికీ నిజం, కథ మాత్రం లండన్ కోరుకున్నది.

మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టులన్నీ పాస్, సిస్టమ్ మాత్రం తప్పు. పైగా ఆ పాసైన టెస్టులు చూసే జనం సిస్టమ్‌ని నమ్మేస్తారు. ఊహించి గీసిన బొమ్మకన్నా ఇదే ప్రమాదం అంటాను నేను.

బ్రిటన్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది 1833లో. సరిగ్గా 17 ఏళ్లకి అదే దేశపు జనం, అమ్ముడుపోయిన ఒక పిల్లని చూసి "ఆహా, ఏం వెలుగు!" అని మురిసిపోయారు. లూయిస్‌కీ గిరాకీ తెలిసింది. ఇంగ్లాండుకి తిరిగొచ్చాక, థేమ్స్ ఒడ్డున వాల్టన్‌లో కూర్చుని, చనిపోయేదాకా కైరో బొమ్మలే గీశాడు. నీటిరంగులకి కష్టానికి తగ్గ డబ్బు రావట్లేదని 1858లో వాటి సంఘం అధ్యక్ష పదవి కూడా వదిలేసి తైలవర్ణాలకి మారిపోయాడు.

ఆ బొమ్మలు చూడొద్దని నేననను. నేనే మళ్లీ చూస్తాను. కాకపోతే ఈసారి కిటికీ నీడలకన్నా ముందు ఆ పిల్ల మొహం చూస్తాను. పదేళ్లున్నవాడు ఆమె పేరైనా అడిగాడా అని.