వచ్చే బండికి ఆగే లెక్క

మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, బీఈ 6 ఎలక్ట్రిక్ బండ్లకు 2025 ఫిబ్రవరి 14న, తొలిరోజే, 30,179 బుకింగులు పడ్డాయి. అలాంటి బండి కోసం పైసలు కట్టి నాందేడ్, దెగ్లూర్, ధర్మాబాద్‌లలో ఎదురుచూసే తెలుగోళ్ల నోట ఒకటే ముచ్చట: 6.8 సెకన్లలో వంద స్పీడు! ఎంత దూరంలో ఆగుతదో అడిగేవారేరి? వంద స్పీడులో కాలు బ్రేకు మీదికి వచ్చే ఒక్క సెకనులోనే బండి 28 మీటర్లు పోతుంది. ఆపై పొడి రోడ్డు మీదైనా ఆగడానికి మరో 40 మీటర్లు కావాలి. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. పైగా బ్యాటరీ నిండా చార్జింగ్ ఉన్నప్పుడు, కాలు తీయగానే మోటారు బండిని పట్టి ఆపే బలం తగ్గొచ్చు. 161వ జాతీయ రహదారిపై రాత్రిపూట వెనక దీపం లేని చెరకు ట్రాలీ ఎదురైతే 6.8 సెకన్ల లెక్క అక్కరకు రాదు. తాళంచెవి ఇచ్చేనాడు షోరూమోళ్లు పూలదండతో సరిపెట్టక, ఖాళీ జాగాలో గట్టిగా బ్రేకు వేయించి చూపాలి.