సంకేతస్థలం, సంచుల కాపలా

అలంకారశాస్త్రం కొంచెం చదువుకొన్నవారికి "సంకేతస్థలం" అన్న మాట కొత్త కాదు. అష్టవిధ నాయికలలో విప్రలబ్ధ అని ఒకామె ఉన్నది. అనుకొన్న వేళకు అనుకొన్న చోటికి వచ్చి, రావలసినవాడు రాకపోగా, వంచితురాలై నిలబడిన నాయిక ఆమె. శృంగార రసచర్చను కాసేపు పక్కన పెట్టి లౌకికంగా చూస్తే, ఆమె కష్టమంతా కలుసుకొనే ఏర్పాటు చెడిపోవటం వల్ల వచ్చినదే. అయినప్పటికీ ఆమె మనకన్నా అదృష్టవంతురాలు. ఆమెకు ఒక చోటు తెలుసు, ఒక వేళ తెలుసు. తప్పింది తాను కాదన్న సంగతి కూడా తెలుసు. పదిమంది కలిసి వినోదోద్యానానికి వెళ్ళే నేటి కుటుంబానికి చోటూ లేదు, వేళా లేదు. "లోపలికి వెళ్ళాక ఫోన్ చేసుకొందాంలే" అన్న ఒక్క మాట మాత్రం ఉన్నది.

(వినోదోద్యానం అంటే మా మనవలు నవ్వుతారు. కావున ఇకమీదట పార్కు అనే అంటాను.)

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. పార్కులో బృందం చెదరకుండా ఉండటం ఫోను చేసే పని కాదు, ముందుగా ఇచ్చిపుచ్చుకొన్న మాట చేసే పని. ఆ మాట ఇచ్చిపుచ్చుకోవటానికి మనం బద్ధకించినప్పుడల్లా, ఆ బద్ధకపు ఖరీదును బృందంలో ఎవరో ఒకరు చెల్లిస్తున్నారు. ఆ ఒకరెవరో క్రమంగా మనవి చేస్తాను.

మొదట ఫోను సంగతి. హైదరాబాదు వారికి తెలిసిన ఉదాహరణే తీసుకొందాం. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్లాలో నేల మీది ఆటలు, నీటి ఆటలు రెండూ ఉన్నాయి. నీటి ఆటలకు నైలాను వంటి బట్టలు వేసుకోవాలి. ఫోనూ పర్సూ లాకరులో పెట్టి తాళం వేసి దిగుతారు. అంటే కుటుంబం నిజంగా చెదిరిపోయే చోటనే ఫోను చేతిలో ఉండదు. నేల మీది ఆటలలో సంగతీ అంతే. మనిషిని తలకిందులు చేసే బండి ఎక్కేటప్పుడు జేబులు ఖాళీ చేయక తప్పదు. మరో చిక్కు కూడా ఉంది. పొద్దున బయలుదేరేటప్పుడు "పచ్చగౌను వేసుకొన్న పిల్ల" అని మనసులో గుర్తు పెట్టుకొంటాం. అలల కొలను దగ్గరికి వచ్చేసరికి ఆ పచ్చగౌను లాకరులో ఉంటుంది, పిల్ల మాత్రం వందమంది పిల్లలలో ఒకతెగా ఉంటుంది. పాపం, తల్లి అందరినీ పచ్చగౌను గురించే అడుగుతూ ఉంటుంది.

ఫోను చేతిలో ఉన్నవారికైనా అది అన్ని వేళలా అక్కరకు రాదు. ఒక టవరు ఒకేసారి ఇంతమందికే దారి ఇవ్వగలదు. సెలవు రోజున వేలమంది ఒక్కచోట చేరి, ఆడేవాటినీ ఎగిరేవాటినీ వీడియోలు తీసి పంపుతూ ఉంటే ఆ దారి ఇరుకైపోతుంది. అటువంటప్పుడు పదిసార్లు రింగు చేయటం కన్నా ఒక పొట్టి ఎస్సెమ్మెస్ పంపటం మేలు. అది దారి దొరికేదాకా కాచుకొని, దొరికినప్పుడు చేరుతుంది. కాల్ అలా కాచుకోలేదు. ఇక వాట్సాప్‌లో మనం ఉన్న చోటును పదిహేను నిమిషాలు గాని, గంట గాని, ఎనిమిది గంటలు గాని అవతలివారికి చూపుతూ ఉండే సదుపాయం ఉన్నది. మంచిదే, నేను కాదనను. కాని అది పటం మీద ఒక చుక్కను చూపుతుంది. ఆ చుక్క పై అంతస్తులో ఉందో కింది అంతస్తులో ఉందో, క్యూలో ఇరుక్కుపోయిందో, దాహంతో సొమ్మసిల్లి ఉందో చెప్పదు. పైగా అదీ బ్యాటరీ తాగి బ్రతికేదే. పొద్దుటినుంచీ ఫొటోలు తీసిన ఫోను సాయంత్రం ఆరింటికి, అంటే సరిగ్గా అందరూ ఒకచోట చేరవలసిన వేళకు, కళ్ళు మూస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా యంత్రాల సంగతి. ఇప్పుడు మనుషుల సంగతికి వస్తాను.

ఏ పార్కులోనైనా, ఏ సెలవు రోజునైనా, చెట్టు నీడన ఉన్న బెంచీల వైపు ఒక్కసారి చూడండి. అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఆమె చుట్టూ ఆరేడు సంచులు, నాలుగు జతల చెప్పులు, తడి తువ్వాళ్ళు, పులిహోర డబ్బా, ఒడిలో మూడు ఫోనులు. అవి మోగుతూ ఉంటాయి. ఎత్తటం ఆమెకు రాదు, లేదా ఎత్తితే ఏమవుతుందోనన్న భయం. కిందటి వేసవిలో నగర శివారులోని ఒక పార్కులో అటువంటి పెద్దావిడ పక్కన నేను ఒక గంట కూర్చున్నాను. "అత్తయ్యా, మీరిక్కడే కూర్చోండి, ఎక్కడికీ కదలకండి, మేం ఇట్టే వచ్చేస్తాం" అని కోడలు చెప్పి వెళ్ళిందట. పొద్దున పదకొండింటి మాట అది. నేను వెళ్ళేసరికి మూడున్నర. మధ్యలో రెండుసార్లు వచ్చి నీళ్ళు తాగి వెళ్ళారట. ఆ చుట్టుపక్కల చూడవలసినవి చాలానే ఉన్నాయి. "మీరేమైనా చూశారా అమ్మా?" అని అడిగాను. "నేను లేస్తే వాళ్ళు నన్ను వెతుక్కోరూ?" అన్నదామె. కోపంగా అనలేదు, మామూలుగా అన్నది. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

మిత్రులారా, ఆ కుటుంబంలో ఎవరూ చెడ్డవారు కారు. కాని వారి బృందం చెదరకుండా ఉన్నది ఫోనుల వల్ల కాదు, ఆ పెద్దావిడ కదలకపోవటం వల్ల. అందరూ ఎటు తిరిగినా చివరికి ఆమె దగ్గరికి వస్తారు. గుడిలో ధ్వజస్తంభం ఎటువంటిదో ఆ బృందంలో ఆమె అటువంటిది. ధ్వజస్తంభానికి టిక్కెట్టు కొనరు, ఆమెకు కొన్నారు, అంతే తేడా. వేళా చోటూ చెప్పుకొనే శ్రమ మనం తప్పించుకొన్నందుకు, ఆమె రోజంతా ఒక గుర్తుగా మారి కూర్చున్నది.

ఈ కథ సముద్రాలు దాటినా మారటం లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి వచ్చిన నా తోటి విశ్రాంత ఉపాధ్యాయులు పలువురు ఇటువంటి అనుభవాన్నే చెప్పారు. అక్కడి పెద్ద పార్కులో ఏ ఆటకు ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా కొడుకు ఫోనులోనే ఉంటుంది. తండ్రి చేతిలోది ఇండియా ఫోను, లోపల అక్కడి సిమ్ లేదు. ఎవరినైనా అడుగుదామంటే భాష, యాస రెండూ బెదిరిస్తాయి. అందుచేత ఆయన కొడుకు చొక్కా పట్టుకొన్నట్టుగా వెనకే తిరుగుతాడు, లేకపోతే బెంచీ ఎక్కుతాడు. నలభై ఏళ్ళు తరగతి గదిని అదుపులో పెట్టినవాడు అక్కడ మూత్రశాలకు వెళ్ళి రావటానికి కూడా జంకుతాడు, తిరిగివచ్చేసరికి వీళ్ళు ఉంటారో ఉండరోనని.

నిజానికి పార్కులు కట్టేవారు ఈ చిక్కును మొదటే ఆలోచించారు. 1955లో అమెరికాలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ కట్టించిన డిస్నీల్యాండులో, నడుమ ఒక గుండ్రని కూడలి, అక్కడినుంచి చక్రపు ఆకులలాగా దారులు, ఎదురుగా ఒక కోట. ఆ కోట ఎత్తు 77 అడుగులే. కాని పైకి పోయేకొద్దీ రాళ్ళ కొలతలు చిన్నవి చేసి, చూసేవారికి మరింత ఎత్తుగా తోచేటట్టు కట్టారు. 1971లో ఫ్లారిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కోటను 189 అడుగులకు పెంచారు. మన గాలిగోపురం చేసే పని కూడా ఇదే కదా! ఊరి పొలిమేరలోనే కనబడి "నేనిక్కడున్నాను, ఇటు రండి" అంటుంది. దారి తప్పినవారికి గోపురం దారి చూపుతుంది. అయితే కలుసుకోవటానికి గోపురం పనికిరాదు. గోపురం కింద అందరూ ఉంటారు. "కోట దగ్గర కలుద్దాం" అన్నవారు బాణసంచా కాల్చే వేళకు ఆ జనసముద్రంలో ఒకరికొకరు పదడుగుల దూరంలో ఉండి కూడా కనబడరు. దూరం నుంచి కనబడే గుర్తు వేరు, దాని పక్కన మనం ఎంచుకొన్న చిన్న చోటు వేరు. రెండూ కావాలి.

మా బడి పిల్లలను రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకొని వెళ్ళిన రోజులలో మేము పాటించిన పద్ధతులు చెబుతాను. 1996లో మొదలైన ఆ చోటు నడిచి తిరిగేంత చిన్నది కాదు, వారి బస్సులలోనే తిరగాలి. బస్సు నిండగానే కదులుతుంది, సగం పిల్లలు ఇందులో, సగం వెనక బస్సులో. అందుకని లోపలికి చేరగానే యురేకా అనే ఆవరణలో పిల్లలందరినీ నిలబెట్టి, ఒక మూలను చూపించి, "ఎవరు ఎటు పోయినా పన్నెండున్నరకు ఇక్కడ, నాలుగున్నరకు మళ్ళీ ఇక్కడ" అని వాళ్ళ చేత మూడుసార్లు అనిపించేవాళ్ళం. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవారు.

రెండవది, తలలు లెక్కపెట్టటంతో సరిపెట్టుకొనేవాళ్ళం కాదు. లెక్క ముప్పైతొమ్మిది వచ్చిందంటే ఒకరు లేరని తెలుస్తుంది, ఎవరు లేరో తెలియదు. అందుచేత హాజరుపట్టీలో తనకు ముందున్నవాడు, తన తరువాతివాడు, ఈ ఇద్దరి బాధ్యత ప్రతి పిల్లవానిది. అప్పుడు ఒకడు కనబడకపోతే రెండు గొంతులు ఒక్కసారి లేస్తాయి. ఇది కుటుంబానికి కూడా వర్తిస్తుంది. "అందరూ అందరినీ చూసుకోండి" అంటే ఎవరూ ఎవరినీ చూడరు. "తాతయ్యను నువ్వు, చెల్లిని నువ్వు" అని పేరు పెట్టి అప్పగించాలి.

మూడవది, తప్పిపోయినవాడు చేయవలసిన పని ఒక్కటే ఉండాలి. వెతకకుండా ఉండటం. ఇద్దరూ వెతుకుతూ తిరిగితే ఇద్దరూ తప్పిపోయినట్టే. పిల్ల ఉన్నచోటనే నిలబడి, యూనిఫారం వేసుకొన్న సిబ్బందిలో ఒకరికి చెప్పాలి. జాతరలో మైకు దగ్గరికి చేర్చిన పసివాణ్ణి "మీ నాన్న పేరేమిటి బాబూ?" అంటే "నాన్న" అని చెబుతాడు. అందుకని తల్లిదండ్రుల అసలు పేర్లు, ఒక ఫోన్ నంబరు పిల్లలకు కంఠస్థం చేయించాలి. మరీ చిన్నవాళ్ళయితే కాగితం మీద రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, జేబుకు పిన్నీసు పెట్టాలి. పొద్దున గేటు దగ్గర ఒక ఫొటో, బట్టలు మార్చుకొన్నాక మరొక ఫొటో తీసి ఉంచుకొంటే పచ్చగౌను చిక్కు తీరుతుంది. ఫోను ఇటువంటి వాటికి దివ్యమైన పనిముట్టు.

"సరదాగా వెళ్ళిన చోట ఈ బడి క్రమశిక్షణ ఏమిటి మాష్టారూ?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆలోచించండి. వేళా చోటూ లేనివారు రోజంతా "ఎక్కడున్నావు? వస్తున్నావా? ఇంకా ఎంతసేపు?" అని ఫోనులో అరుచుకొంటూనే ఉంటారు. వేళా చోటూ ఉన్నవారు పన్నెండున్నర దాకా ఎవరి దారిన వారు హాయిగా తిరుగుతారు. నియమం కట్టివేసేది పన్నెండున్నరకు ఒక పది నిమిషాలను, సాయంత్రం మరో పది నిమిషాలను మాత్రమే. మిగిలినదంతా స్వేచ్ఛే. ఫోను వచ్చాక మనకు మాట్లాడటం పెరిగింది, మాట ఇవ్వటం తగ్గింది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు గదా అన్న ధీమాతో ఇచ్చిన మాట మాట కాదు, అది వాయిదా. ఆ వాయిదాలో ఫోను ఉన్నవాడు పావుగంట ఆలస్యమైతే కబురు చేస్తాడు. ఫోను లేని పెద్దావిడకు ఆ కబురు చేరదు. ఆమె అలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

సంచులకు లాకరులున్నాయి. వాటి అద్దె, లోపల మనం కొనే తినుబండారాల ఖరీదు ముందు పెద్ద లెక్కలోనిది కాదు. లాకరు చాలకపోతే గంటకొకరు వంతు వేసుకొని కాపలా కూర్చోవచ్చు. వంతులో కొడుకు పేరు, కోడలి పేరు, మీసాలు మొలిచిన మనవడి పేరు కూడా ఉండాలి.

కావున, మిత్రులారా, ఈసారి మీరు ఏ పార్కుకు వెళ్ళినా గేటు దాటగానే పరుగెత్తకుండా ఒక ఐదు నిమిషాలు ఆగండి. చోటు ఎంచుకోండి, వేళ చెప్పుకోండి, అందరి చేతా అనిపించండి. ఆ తరువాత, పిల్లలను అడగబోయే ముందు, బృందంలో అందరికన్నా పెద్దవారిని "మీరేం చూస్తారు?" అని అడగండి. "నాకేం వద్దులే, మీరు వెళ్ళి రండి" అంటారు. అది వారికి అలవాటైన జవాబు. రెండవసారి అడగండి.