చీకటి ఉంటేనే చిత్రం

పల్లెల్లో గొల్లకావడి తెలియని పెద్దలుండరు. చలికాలం రాత్రుళ్లు తూర్పున ఒకే వరుసలో పైకొచ్చే మూడు చుక్కలు... నడుమ గొల్లవాడు, చెరోపక్కా కడవ! మహబూబాబాద్ జిల్లా తొర్రూరు దాటి పొలాల్లోకి వెళ్లి చూస్తే, ఆ మూడు చుక్కల చెంతనే మసకమసకగా ఒక మరక కనిపిస్తుంది. అదే ఒరాయన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయువు, ధూళి మేఘం. కొత్త నక్షత్రాలు ప్రాణం పోసుకునే పురిటిగది.

కంటికి బూడిదరంగులో కనిపించే ఆ మేఘం ఫొటోలో మాత్రం ఎర్రగా, గులాబీగా మెరిసిపోతుంది. మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. కెమెరా బొట్టుబొట్టుగా కూడబెడుతుంది. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు 51 నిమిషాలపాటు వెలుగు పట్టి దీని తొలి ఫొటో తీశాడు. 1883లో ఇంగ్లండ్‌కు చెందిన ఇంజినీరు ఆండ్రూ కామన్ తీసిన ఫొటోలో, టెలిస్కోపులో చూసినా కంటికి అందని నక్షత్రాలు కూడా పడ్డాయి. ఇద్దరికీ ఆకాశం వృత్తి కాదు, ఇష్టం!

ఇప్పుడు మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, స్టాండు ఉంటే మొదలుపెట్టొచ్చు. 50 ఎం.ఎం. లెన్సుతో ఒక్కో ఫొటోకు ఐదారు సెకన్లు చాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు గీతలుగా సాగిపోతాయి. అలా వందో రెండొందలో తీసి కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరిస్తే మేఘం తేటపడుతుంది. డిసెంబరు, జనవరి అమావాస్య రాత్రులు ఇందుకు అనువైనవి.

కెమెరా కొనుక్కోవచ్చు. చీకటిని కొనలేం. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ యార్ జంగ్ 1901లో సొంత ఆసక్తితో నెలకొల్పిన నిజామియా వేధశాల, 8 అంగుళాల ఫొటో టెలిస్కోపుతో 7.6 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టింది. తర్వాత నగరం పెరిగింది, దీపాలూ పెరిగాయి. దాంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నగరానికి దూరంగా, జాపాల-రంగాపూర్ గ్రామాల దగ్గర నిలబెట్టాల్సి వచ్చింది.

లద్దాఖ్‌లోని హాన్లే కథ వేరు. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి ఊళ్లవాళ్లు కిటికీలకు మందపాటి తెరలు కట్టి, దీపాలకు మూతలు పెట్టి చీకటిని కాపాడుతున్నారు. 2023 నుంచి దేశం నలుమూలల ఔత్సాహికులు కెమెరాలతో అక్కడ శిబిరం కడుతున్నారు.

అందరూ హాన్లే వెళ్లలేరు. కానీ ఊరి దీపాల వెలుగు ఆకాశంలోకి కాకుండా దారి మీదికే పడేలా పైన రేకు మూత బిగించడం ఏ పంచాయతీకైనా చేతనయ్యే పని. నడిచేవారికి దారీ బాగా కనిపిస్తుంది, కరెంటూ మిగులుతుంది. తొర్రూరు వంటి ఊళ్లు పెరగక తప్పదు. పెరుగుతూనే గొల్లకావడిని పిల్లలకు మిగిల్చే వీలు మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.