గుండెపోటుకు సోడా మందు కాదు

ఛాతీలో మంట, బరువు అనగానే ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి పడుకోవడం పల్లెల్లో పరిపాటి. తెల్లవారాక చూద్దామని ఆగడంలోనే ప్రాణాపాయం ఉంది.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతటికీ తోడుతుంది. నీరు తోడే మోటారుకు కరెంటు కావలసినట్లే, గుండె కండకూ రక్తం కావాలి. దాన్ని అందించే సన్నని నాళాల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వు పొర చిట్లినచోట రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. పంటబోదెకు అడ్డుపడితే చివరి మడి ఎండినట్లే, ఆవలి కండ చావడం మొదలవుతుంది. చచ్చిన కండ తిరిగి రాదు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. తొలి గంటల్లో ఇస్తేనే మేలు. 12 గంటలు దాటితే ప్రయోజనం దాదాపు లేనట్లే. ఖరీదైన ఈ మందును ఉచితంగా ఇచ్చే ‘స్టెమీ’ పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రారంభమైంది. ఏరియా ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని గుంటూరు, కర్నూలు వంటి పెద్దాసుపత్రుల నిపుణులు చూసి సలహా ఇస్తారు. అయితే రోగి ఇల్లు కదలకుంటే ఏ పథకమూ ఆదుకోలేదు.

నొప్పి ఎడమచేతికి, దవడకు పాకినా, చెమటలు పోసినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసమే రావచ్చు. బి.పి. ఉన్నవారు మందు మానరాదు. చుట్ట, బీడీ మానాలి.

రాత్రివేళ ఇ.సి.జి. తీసే దగ్గరి ఆసుపత్రి ఏదో ఊరి బోర్డుపై రాయించడం పంచాయతీలకు పెద్ద ఖర్చేమీ కాదు.