పరిందాల హాజరీ

మన ఖాందాన్లలో పరిందాల షౌక్ లేదని ఎవరూ అనలేరు. షాయరీలో బుల్‌బుల్ ఉంది, షాహీన్ ఉంది. వరండాలో పింజ్రా ఉంది, అందులో మిట్టూ ఉంది. తీతర్, బటేర్ వండుకున్న కథలు మన దాదాలు దస్తర్‌ఖాన్ దగ్గర ఇప్పటికీ చెప్తారు. లేనిదల్లా ఒక్కటే. పరిందాను దాని జాగాలో, దాని పని అది చేసుకుంటుంటే, చప్పుడు చేయకుండా చూడటం.

చలికాలంలో ఒక్కసారైనా పిల్లల్ని తీసుకుని, తెలిసిన గైడ్‌ను పెట్టుకుని, పులికాట్ సరస్సుకు పోయి రండి అని ఈ మధ్య కలిసిన వాళ్లందరికీ చెప్తున్నా. జవాబుగా మూడు మాటలు వింటున్నా. "పిట్టల్ని చూడటానికి అంత దూరమా?" "అది అమీర్‌లోగుల షౌక్ భాయ్." "గైడ్ ఎందుకు, మనకు కళ్లు లేవా?" ఈ మూడింటికీ జవాబు చెప్పాలనే ఈ మజ్మూన్.

ముందు దూరం సంగతి. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, తిరుపతి జిల్లాలో ఉంది. దక్షిణం కొస తమిళనాడుది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి. జనవరి ఫజర్ వేళ మన జగిత్యాల, కోరుట్లలో స్వెటర్ లేకుండా బయట కాలు పెట్టలేం. అక్కడ అదే వేళకు గాలి గోరువెచ్చగా, ఉప్పగా ఉంటుంది. పరిందాలు వచ్చేది ఆ వెచ్చదనం కోసం, లోతు తక్కువ నీళ్లలో దొరికే రిజ్క్ కోసం. సూదితోక బాతులు ఉత్తర ఆసియా మంచు నుంచి వస్తాయి. అక్టోబర్ నుంచి మార్చి దాకా వేల ఫ్లెమింగోలు అక్కడే ఉంటాయి.

నెల్లూరు బారా షహీద్ దర్గాకు రొట్టెల పండుగకని మన జిల్లాల నుంచి ఎంతమంది పోతారో మీకు తెలుసు. అక్కడి నుంచి దక్షిణంగా దాదాపు వంద కిలోమీటర్లు పోతే సూళ్లూరుపేట. ఆ దారిలోనే, దొరవారిసత్రం దగ్గర, నేలపట్టు పక్షుల అభయారణ్యం. 1976లో ఏర్పడింది. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. దర్గా దాకా పోయే దారి మనకు కంఠస్థమే. ఆ పై దారి మాత్రం మనలో ఎవరికీ పట్టలేదు.

పోయిన జనవరిలో మూడు ఘరాల వాళ్లం కలిసి పోయాం. జగిత్యాల నుంచి మేము, కోరుట్ల నుంచి మా ఆపా వాళ్లు, సిరిసిల్లలో సాంచాలు నడిపే మా చాచా. వరంగల్‌లో రైలెక్కి గూడూరులో దిగాం. ఒక్కో ఇంటికి అయిన ఖర్చు ఓ మామూలు స్మార్ట్‌ఫోన్ ధర దాటలేదు. అమీర్‌లోగుల షౌక్ అనే మాటకు నా దగ్గరున్న సీదా జవాబు అదే. మనం పెళ్లిలో ఒక పూట డెకరేషన్‌కు పెట్టే పైసలు ఇంతకంటే ఎక్కువ. దాన్ని ఎవరూ ఫిజూల్ ఖర్చీ అనరు.

ఇక గైడ్. అంతకు ముందు ఏడాది మాకు తెలిసిన ఒక ఖాందాన్ ఏదో ట్రావెల్స్ ప్యాకేజీలో ఇక్కడికే వచ్చింది. గైడ్ అని బస్సులో మైకు పట్టుకున్న ఒకాయనను ఇచ్చారు. ఆయన దారంతా పాటలు పెట్టాడు, సరస్సు దగ్గర ఆపి "అవిగో పక్షులు, ఫొటోలు తీసుకోండి, ఇరవై నిమిషాలు" అన్నాడు. వాళ్ల పిల్లలకు యాదున్నది బస్సూ, ఐస్‌క్రీమే. మాకు దొరికింది సరస్సు ఒడ్డు ఊరి కుర్రాడు, వాళ్ల నాన్న చేపలు పడతాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఆ రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర, బండి ఆపించి మొదట మమ్మల్ని పది నిమిషాలు ఖామోష్‌గా కూర్చోబెట్టాడు. "అరిస్తే లేస్తాయి భాయ్. లేచినప్పుడల్లా వాటి మేత పోతుంది. మీరు చూసిపోతారు, అవి ఇక్కడే బతకాల కదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా పిల్లలు నేర్చుకున్న అదబ్ నేను ఏడాదంతా చెప్పినా వచ్చేది కాదు.

తొమ్మిదో తరగతి చదివే మా భాంజీ అడిగింది: "భయ్యా, అవి తల కిందులుగా పెట్టి ఏం చేస్తున్నాయి?"

"తింటా ఉండాయమ్మా. ఆ ముక్కులో జల్లెడ ఉంటది. నీళ్లు లోపలికి లాగి, మేత ఆపుకుని, నీళ్లు బయటికి తోసేస్తది."

"మరి గులాబీ రంగు ఎట్లా వచ్చింది?"

"తిండితోనే. నాచులో, చిన్న చిన్న రొయ్యల్లో ఆ రంగు ఉంటది. పిల్లప్పుడు బూడిద రంగే. ఏండ్లు పడతది గులాబీ కావడానికి."

కళ్లు మనకూ ఉన్నాయి, నిజమే. కానీ ముక్కులో జల్లెడ ఉందని కళ్లు చెప్పవు. సముద్రానికీ సరస్సుకూ మధ్య ముఖద్వారాలు ఇసుకతో పూడితే పులికాట్‌కు ఏమవుతుందో కళ్లకు కనపడదు. ఉప్పునీరు వచ్చిపోవడం ఆగితే చేప తగ్గుతుంది, సరస్సు ఎండుతుంది, చేపల వాడి పొయ్యీ పరిందా మేతా ఒకేసారి ఆగుతాయి. ఇది ఆ కుర్రాడు పుస్తకం చూసి చెప్పలేదు, వాళ్ల ఇంటి గురించి చెప్పాడు. సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతోంది. పండుగకు స్టేజీ కావాలి, సరే. కానీ అయిదారు నెలలు ఉండే పరిందాలకు ఇట్లాంటి కుర్రాళ్లు కావాలి. వాళ్లకు శిక్షణ కావాలి, చేతికి ఓ మంచి దుర్భిణీ కావాలి, ఇన్సాఫ్‌గా ఉజరత్ ముట్టాలి. మనం పోయినప్పుడు బేరం చేయకుండా ఇవ్వడం మన వంతు.

ఆ సఫర్‌లో మా దూల్హాభాయ్ మాట ఇంకొకటి. ఆయన పదకొండేళ్లుగా దుబాయిలో డ్రైవర్. అక్కడ క్రీక్ చివర రాస్ అల్ ఖోర్ అనే అభయారణ్యం ఉంది, 2007లో రామ్‌సార్ జాబితాకెక్కింది. ఫ్లెమింగోలకు మషూర్. వెనక ఎత్తైన బిల్డింగులు, ముందు గులాబీ పరిందాలు. చూసేవాళ్లకు గుడిసెలు, దుర్భిణీలు పెట్టారు, టికెట్ లేదు. "రోజూ ఆ పక్క నుంచే బండి పోయేది. ఎన్నడూ దిగలేదు. ఇవాళ దిగి చూశా" అన్నాడు. మన జిల్లాల్లో గల్ఫ్ లేని గల్లీ లేదు. ఛుట్టీకి వచ్చిన అబ్బా నలభై రోజులు ఇంటి పనుల్లో, షాదీల్లో, బ్యాంకుల్లో అయిపోతాయి. అందులో రెండు రోజులు పిల్లలతో పాటు నిశ్శబ్దంగా ఒకే దిక్కు చూస్తూ కూర్చోవడం చిన్న నేమత్ కాదు.

సరిహద్దు దాటి తమిళనాడు వైపు పోతే పళవేర్కాడు వస్తుంది, పులికాట్ ఊరు అదే. డచ్ వాళ్లు 1613లో అక్కడ కోట కట్టారు. అక్కడి రేవు నుంచి గళ్ల బట్ట సముద్రాలు దాటింది. మలేషియాలో ముసల్మానులు కట్టుకునే గళ్ల లుంగీని ఈ రోజుకూ 'కైన్ పలెకాత్' అంటారు, ఆ పేరు పులికాట్ నుంచి వచ్చిందే. ఇది విని మా సిరిసిల్ల చాచా చాలాసేపు పరిందాలను వదిలి నీళ్లవైపు చూస్తుండిపోయాడు.

అసలు విషయానికి వస్తా. మన కోమ్‌కు ఈ షౌక్ పరాయిది కాదు. సలీం అలీ పేరు మన పిల్లలు జీకే పుస్తకంలో ఒక్క లైనుగా చదువుతారు. ఆయన (1896–1987) చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ. ఇది తినొచ్చా లేదా అని షక్ వచ్చి మామూ అమీరుద్దీన్ తయ్యబ్జీకి చూపించాడు. మామూ అతన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి సెక్రటరీ మిలర్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, భద్రపరిచిన వందల పిట్టల్ని చూపించాడు. దస్తర్‌ఖాన్ సవాలుతో మొదలైన బాలుడు దేశానికి పరిందాల ఉస్తాద్ అయ్యాడు. మధ్యలో దారి చూపినవాళ్లు ఇద్దరు, ఒక మామూ, ఒక గైడ్. 1931లో మొదలుపెట్టి ఆయన నిజాం రియాసత్ పక్షుల సర్వే చేశాడు. అప్పుడు మన జగిత్యాల, సిరిసిల్ల ఆ రియాసత్‌లోవే. మన ముల్క్ పరిందాల హిసాబ్ ముందుగా రాసినవాళ్లలో ఒకడు సలీం అలీ అని మన మదర్సాల్లో, మన ఉర్దూ మీడియం బడుల్లో ఎవరైనా చెప్పారా?

నేను ఉర్దూ మీడియంలో చదివా. షాహీన్ మీద పేజీలకు పేజీలు రాశా. పెలికాన్‌ను ఉర్దూలో హవాసిల్ అంటారని, ఫ్లెమింగోను లమ్‌ఢీంగ్ అంటారని బడిలో ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలుగులో డిగ్రీ చేశా. ప్రబంధాల హంసలన్నీ పరిచయమయ్యాయి, గూడబాతు కాలేదు. మా భాంజీకి ఇప్పుడు ఇంగ్లిష్ పేర్లు మాత్రమే తెలుసు. రెండు జబాన్లున్న ఘరంలో పరిందాకు ఒక్క పేరూ మిగలకపోతే అది పరిందా నష్టం ఒక్కటే కాదు. హుద్‌హుద్ అంటే మన తెలుగు దోస్తులకు 2014 అక్టోబర్‌లో విశాఖను కొట్టిన తుఫాను. మన పిల్లల్లో కూడా చాలామందికి అంతే.

హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. సూరా నమ్ల్‌లో హజ్రత్ సులైమాన్ అలైహిస్సలామ్ పరిందాల హాజరీ చూసుకుని, హుద్‌హుద్ కనపడటం లేదేమిటని అడిగిన వాకియా మనకందరికీ తెలుసు. బయాన్లలో దాని తర్వాతి సంగతి, సబా మలికా ఖబర్, ఎక్కువ వింటాం. నాకు మొదటి సంగతి దగ్గరే మనసు ఆగుతుంది. అంత పెద్ద లష్కర్‌లో ఒక చిన్న పరిందా గైర్‌హాజరైతే తెలిసింది. ఎవరు హాజరో తెలిసినవాడికే ఎవరు లేరో తెలుస్తుంది.

మన చెరువులు పూడుస్తున్నారు, ప్లాట్లు చేస్తున్నారు. రేపు ఏ పిట్ట రావడం మానేసినా మన మొహల్లాలో అడిగేవాడు లేడు, ఎందుకంటే వచ్చేదెవరో మనకు తెలియదు. అందుకే గైడ్ కావాలంటున్నా. దూరం పోయేది కూడా ఇందుకే. పులికాట్‌లో నేర్చుకున్న హాజరీ మన చెరువు దగ్గర తీసుకోవాలి. అది చేయకపోతే మీరన్నట్టే అది ఒక పిక్నిక్, అంతే.

చూడటం నేర్చిన ఇంట్లో ఇంకో రెండు మార్పులు కూడా రావాలి. ఒకటి పింజ్రా. రామచిలుకను, మునియాను పింజ్రాలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జుర్మ్. సద్ఖా పేరుతో కొని వదిలినా, రేపు వలలో ఇంకొకటి పడేది మన పైసతోనే. రెండోది మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా బంద్ చేసింది. అయినా సంక్రాంతికి మన ఛత్‌ల మీద దొరుకుతూనే ఉంది. సరస్సు దగ్గర చప్పుడు చేయొద్దని నేర్చుకున్న పిల్లవాడు ఇంటికొచ్చి రెక్కలు కోసే దారం పట్టుకోలేడు.

ప్రతి జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచి. మామూలు మనుషులు తమ దగ్గరి చెరువులకు పోయి నీటి పక్షుల్ని లెక్కపెడతారు. అది అక్షరాలా హాజరీయే. సిరిసిల్ల వాళ్లకు మానేరు ఉంది, ధర్మపురి దాకా పోతే గోదావరి ఉంది, ప్రతి ఊరికీ ఓ చెరువు ఉంది. ఆదివారం ఫజర్ తర్వాత ఒక గంట, ఒక నోట్‌బుక్, ఇంట్లో ఒక బచ్చీ, ఒక బచ్చా. కనపడిన పరిందాకు మూడు పేర్లు రాయించండి. లకుముకి, కిల్‌కిలా, కింగ్‌ఫిషర్. పాలపిట్ట, నీల్‌కంఠ్, ఇండియన్ రోలర్. తెలియనిదాని ముందు ఖాళీ వదిలి, ఊళ్లో చేపలు పట్టేవాళ్లను, గొర్లు కాసేవాళ్లను అడగండి. మన చెరువుకు గైడ్లు వాళ్లే.

ఈ చలికాలానికి టికెట్లు ఇప్పుడే చూసుకోండి. అమ్మాయిల్ని ఇంట్లో వదిలిపోవద్దు. మా సఫర్‌లో మంచి సవాళ్లన్నీ మా భాంజీయే అడిగింది.