అంతస్తుల మంచానికీ వాస్తుందా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఆదోని నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలు. బాబుకి పదకొండేళ్ళు నిండాయి, పాపకి ఎనిమిది. ఒక్క మంచం మీద ఇద్దరికీ చాలటం లేదని, రైలు బెర్తుల్లాగా కింద ఒకటి పైన ఒకటి ఉండే మంచం చేయించాలనుకున్నారు. ఆచారికి అడ్వాన్సు ఇచ్చారు, కట్టె కూడా కోయించారు. ఇంతలో ఆమె భర్త ఫోనులో ఏదో వీడియో చూశారట. ఫెంగ్ షుయి ప్రకారం అంతస్తుల మంచం పిల్లలకి మంచిది కాదు, కింద పడుకునే పిల్లకి చదువు రాదు అని అందులో చెప్పారట. అత్తగారేమో "చైనావాళ్ళ సంగతి నాకొద్దు, ఉత్తరం వైపు తల రాకుండా ఉంటే చాలు" అంటున్నారట. "అక్కా, మంచం ఆపించాలా, చేయించాలా? ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ" అని అడిగింది.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇల్లు ఇరుకైతే మాటలు కూడా ఇరుకైపోతాయి. నేను వాస్తు పండితురాలిని కాను, ఇంటరు చదివిన ఇల్లాలిని. అయినా ఈ విషయంలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అనేది ఒక తల్లిగా మనమే తేల్చుకోవచ్చు. ఒక్కొక్కటే చూద్దాం, రండి.

చైనా వాస్తు ఏమంటుంది?

ఫెంగ్ అంటే గాలి, షుయి అంటే నీరు. గాలి, నీరు సరిగ్గా ఉన్న చోట మనిషి సుఖంగా ఉంటాడని దాని సారం. ఉత్తరం నుంచి చలిగాలులు కొట్టే దేశం కాబట్టి, ఇంటి వెనక ఉత్తరాన కొండ ఉండాలి, ఇల్లు దక్షిణం వైపు చూడాలి అన్నారు వాళ్ళు. మా ఆలూరు పక్క గాలి అంటే మే నెల వడగాలి, నీరు అంటే తుంగభద్ర దిగువ కాలువకి ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే నీళ్ళు! వాళ్ళ గాలి వేరు, మన గాలి వేరు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం భయం పోతుంది.

1990ల నుంచి మలేషియా రచయిత్రి లిలియన్ టూ లాంటి వాళ్ళ పుస్తకాల వల్ల ఈ శాస్త్రం ప్రపంచమంతా పాకింది. మన పట్నాల్లో కూడా నవ్వే బుద్ధుడు, గాలిగంటలు, వెదురు మొక్కలు అంగళ్ళలోకి వచ్చాయి. అంతస్తుల మంచం గురించి వాళ్ళు చెప్పేది ముఖ్యంగా మూడు మాటలు. కింద పడుకునే బిడ్డకి పై మంచం దూలంలాగా మీద బరువు వేస్తుంది. పైన పడుకునే బిడ్డకి కప్పు మరీ దగ్గరై ఊపిరాడనట్టుంటుంది. తల వెనక గట్టి గోడ ఉండాలి, పాదాలు నేరుగా వాకిలికి ఎదురుగా ఉండకూడదు.

అయితే ఒక సంగతి. చైనా వాస్తుని గట్టిగా నమ్మే హాంకాంగ్‌లో ఇళ్ళు అగ్గిపెట్టెలంత ఉంటాయి. అక్కడ పిల్లలకి అంతస్తుల మంచాలు మామూలే. ఆ మంచాల మీద పడుకున్న పిల్లలే చదువుకొని డాక్టర్లు, ఇంజనీర్లు అవుతున్నారు. కాబట్టి కింద మంచం పిల్లకి చదువు రాదనే మాట వదిలెయ్యండి. ముఖ్యంగా ఆ మాట పాప చెవిన పడనివ్వకండి. "నేను కింద పడుకుంటాను కాబట్టి నాకు లెక్కలు రావు" అని పిల్ల మనసులో నాటుకుంటే, దాన్ని తీసెయ్యటానికి ఏ గాలిగంటా చాలదు.

దూలం కింద పడక

ఈ మాట చైనావాళ్ళదే కాదు, మనదీ. మా పక్క పాత ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. దూలం, దాని మీద దంతెలు, ఆపైన మట్టి. వాన పడి మిద్దె ఉరిస్తే మట్టిపెళ్ళలు రాలేది అక్కడే, తేళ్ళూ జెర్రులూ దూరేది ఆ సందుల్లోనే. వానాకాలంలో మట్టిమిద్దెలు కూలి నిద్రలోనే మనుషులు పోయిన వార్తలు మన జిల్లాలో ఎన్ని వినలేదు? దూలం కింద పడుకోవద్దని పెద్దలు అన్నారంటే దాని వెనక అంత కారణం ఉంది. ఇంకా మట్టిమిద్దెలో ఉండేవాళ్ళయితే అంతస్తుల మంచం ఆలోచనే వద్దు. పై బిడ్డ మొహం ఆ దంతెలకి అంత దగ్గరగా పోతుంది.

ఆర్‌సీసీ ఇంట్లో ఆ భయం లేదు. కింద పడుకునే బిడ్డకి ఉక్కగా, చీకటిగా అనిపించకుండా చూస్తే చాలు. రెండు మంచాల మధ్య కనీసం మూడడుగులు వదలండి. బిడ్డ లేచి నిటారుగా కూర్చుంటే తల తగలకూడదు. పై మంచం అడుగు భాగానికి తెల్లటి రంగో లేత రంగో వేయించండి. ఒక చిన్న దీపం అందేటట్టు పెట్టండి. "బరువు" అనే మాటకి ఇదే విరుగుడు. ఎర్ర దారంతో దూలానికి రెండు వేణువులు వేలాడదీస్తే దోషం పోతుందని కొందరు అమ్ముతారు. అది ఊడి పడుకున్న పిల్లల మీద పడితే ఎవరిని అడుగుతాం?

తల ఎటు పెట్టాలి?

తూర్పు, దక్షిణం శ్రేష్ఠం, పడమర పరవాలేదు, ఉత్తరం వద్దే వద్దు. ఇది మన అత్తగార్ల లెక్క. వినాయకుడికి ఏనుగు తల ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ఉత్తరం తల కథ కూడా చెబుతారు.

చైనావాళ్ళ లెక్క ఇంకో రకం. పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనిషికి ఒక అంకె వస్తుంది. ఆ అంకెని బట్టి తూర్పు జట్టు, పడమటి జట్టు అని రెండు. తూర్పు జట్టుకి ఉత్తరం, దక్షిణం, తూర్పు, ఆగ్నేయం మంచివి. పడమటి జట్టుకి పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం. అంటే మనం వద్దన్న ఉత్తరం వాళ్ళలో సగం మందికి మంచి దిక్కు! ఇక్కడే తెలుస్తుంది, రెండు శాస్త్రాలనీ కలిపి కలగూరగంప చేస్తే ఇంట్లో మంచం వెయ్యటానికి చోటే మిగలదని.

సరే, లెక్క వేసే చూద్దాం. బాబు 2014లో, పాప 2017లో పుట్టారనుకోండి, ఇద్దరూ ఫిబ్రవరి దాటాక. 2000 తర్వాత పుట్టిన మగపిల్లాడికి చివరి రెండు అంకెలు కూడి 9లోంచి తీసెయ్యాలి. 1, 4 కలిపితే 5. 9లోంచి 5 పోతే 4. అది తూర్పు జట్టు. ఆడపిల్లకి చివరి రెండు అంకెలు కూడి 6 కలపాలి. 1, 7 కలిపితే 8, దానికి 6 కలిపితే 14, మళ్ళీ కూడితే 5. ఆడపిల్లకి 5 వస్తే దాన్ని 8గా తీసుకోవాలట. అది పడమటి జట్టు. ఒకే మంచం, ఇద్దరికీ వేరు వేరు దిక్కులు!

అయినా దారి ఉంది. మంచాన్ని తూర్పు పడమరలుగా వేయించండి. బాబు తల తూర్పుకి, పాప తల పడమరకి. ఇద్దరిదీ చైనా లెక్క సరిపోయింది. ఉత్తరం ఎవరికీ రాలేదు కాబట్టి అత్తగారూ సంతోషిస్తారు. మంచం ఎటు వేసినా ఖర్చు ఒకటే కదా, ఇంట్లో పెద్దావిడ మాట నిలబెడితే పోయేదేముంది?

గోడ, కిటికీ, అద్దం

తల వెనక గట్టి గోడ ఉండాలనేది మంచి మాటే. పై మంచాన్ని కిటికీకి ఆనించారంటే పిల్లలకి నిచ్చెన వేసి ఇచ్చినట్టే. కమ్మీలు లేని కిటికీ అయితే అసలు వద్దు. పాదాలు వాకిలికి ఎదురుగా వద్దంటే, మంచాన్ని కాస్త పక్కకి జరిపితే సరి. బీరువా అద్దం పడకకి ఎదురుగా ఉండకూడదంటారు. రాత్రిపూట లేచిన బిడ్డ తన నీడ చూసి తానే జడుసుకుంటుంది. ఒక పాత చీర ముక్క కుట్టి తెరలాగా వెయ్యండి, దానికి పండితుడు అక్కర్లేదు.

ఏ వాస్తూ చెప్పని సంగతులు

చెల్లీ, ఇప్పుడు అసలు మాట. మీవారు చూసిన వీడియోలో ఫ్యాను గురించి చెప్పారా? మన గది కప్పు పదడుగుల ఎత్తు అనుకుందాం. ఫ్యాను రెక్కలు దానికి అడుగు, అడుగున్నర కింద తిరుగుతాయి. అంటే నేల నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిదడుగులు. పై పరుపు అయిదడుగుల ఎత్తున ఉంటే, దాని మీద నాలుగడుగుల బిడ్డ లేచి నిలబడితే తల ఎక్కడికి పోతుందో మీరే కూడుకోండి. కూర్చొని చెయ్యి ఎత్తినా ప్రమాదమే. కాబట్టి దిక్కులు చూసే ముందు ఫ్యానుని చూడండి. మంచం దాని రెక్కలకి దూరంగా మూలకి పోవాలి. లేదంటే ఆ గదిలో గోడ ఫ్యాను పెట్టించాలి. దీంట్లో బేరం లేదు.

అమెరికాలో అంతస్తుల మంచాలకి 2000 సంవత్సరం నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది. మన ఆచారికి ఆ కొలతలు ఒక కాగితం మీద రాసివ్వండి:

● పై మంచానికి రెండు వైపులా అడ్డకమ్మీ ఉండాలి, గోడ వైపు కూడా. గోడ ఉంది కదా అని వదిలేస్తే మంచానికీ గోడకీ మధ్య సందులో బిడ్డ ఇరుక్కుంటుంది.

● ఆ అడ్డకమ్మీ పరుపు పైభాగం నుంచి కనీసం 5 అంగుళాలు పైకి ఉండాలి. మన ఆదోని పత్తి పరుపు మందంగా ఉంటుంది. మెత్తగా ఉంటుందని రెండు పరుపులు వేస్తే అడ్డకమ్మీ పరుపులోనే మునిగిపోతుంది. ముందు పరుపు కొలిచి, తర్వాత కమ్మీ కొలవండి.

● కమ్మీల మధ్య సందులు మూడున్నర అంగుళాలకి మించకూడదు. ఒళ్ళు జారి తల ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

● ఆరేళ్ళలోపు బిడ్డని పైన పడుకోబెట్టకూడదు. అన్నని చూసి చిన్నది పైకి ఎక్కుతానని ఏడ్చినా సరే.

వీటికి నేను కలిపేవి కొన్ని. పై మంచానికి చున్నీతో, చీరతో ఉయ్యాల కట్టనివ్వకండి. మెడకి చుట్టుకుంటే అరిచే వీలు కూడా ఉండదు. దోమతెర తాళ్ళు కూడా వేలాడకుండా బిగించండి. ఇనుప మంచమయితే వెల్డింగ్ చేసిన చోట చేత్తో తడిమి చూడండి, గరుకుంటే రాయించండి. నట్లు, బోల్టులు నెలకొకసారి బిగించండి. నిచ్చెన మెట్లు గుండ్రటి కడ్డీలు కాకుండా పాదం ఆనే పలకలుగా ఉంటే నిద్రమత్తులో దిగే పిల్లలకి మంచిది.

ఇంకొకటి మన ఎండ. వేడిగాలి పైకే పోతుంది, పగలంతా కాగిన స్లాబు రాత్రంతా సెగ కక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పై మంచం పెనం లాగుంటుంది. ఆ రెండు నెలలు బాబుకి కింద చాప వెయ్యండి, ఎమ్మిగనూరు దుప్పటి ఒకటి పరిస్తే హాయిగా పడుకుంటాడు.

ఇంతకీ చేయించాలా?

మీది స్లాబు ఇల్లు, పాపకి ఆరేళ్ళు దాటాయి, ఫ్యానుకి దూరంగా మూల ఉంటే చేయించండి. మూల లేకపోతే ఆచారితో ఇంకో రకం చెప్పండి. పెద్ద మంచం అడుగున చక్రాల మీద రెండో మంచం, పగలు లోపలికి తోసేది, రాత్రి లాగేది. చోటు కలిసొస్తుంది, పడే భయం లేదు, ఏ వాస్తుకీ పేచీ లేదు. కోయించిన కట్టె కూడా వృథా పోదు.

బాబుకి పదకొండేళ్ళు నిండాయన్నారు. ఇంకో రెండు మూడేళ్ళలో అన్నాచెల్లెళ్ళకి వేరే వేరే మూలలు కావాల్సి వస్తాయి. అందుకని మంచాన్ని ఎప్పుడైనా విప్పి రెండుగా వేసుకునేటట్టు బోల్టులతో చేయించండి. మీవారితో కూడా నెమ్మదిగా చెప్పండి. పిల్లల మీద ప్రేమతోనే కదా ఆయన భయపడేది! ఆ భయాన్ని ఫ్యాను మీదికి, అడ్డకమ్మీ మీదికి మళ్ళిస్తే పిల్లలకి పనికొస్తుంది. టేపు ఆయన చేతికే ఇచ్చి కొలవమనండి.

మంచం వేశాక ఎలా ఉందో రెండు ముక్కలు రాయండి. మీలాంటి ఇరుకిళ్ళ చెల్లెళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళకీ పనికొస్తుంది.